కాలేయంలో గడ్డలకు అబ్లేషన్: మందు అమ్మని డాక్టరు

నాన్నకు హెపటైటిస్-బి ఎప్పటినుంచో ఉంది. కిందటి ఏడాది స్కానింగులో కాలేయంలో రెండు క్యాన్సర్ గడ్డలు బయటపడ్డాయి. ఒకటి 3 సెంటీమీటర్లు, ఇంకోటి 2. మొదట వెళ్లిన చోట అబ్లేషన్ (సూది గుచ్చి గడ్డను వేడితో మాడ్చడం), ఆపైన ఏడాదిపాటు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థను క్యాన్సర్ మీదికి పంపే మందు) అంతా కలిపి ఒకే ప్యాకేజీ అన్నారు. ఒక్కో డోసు లక్షల్లో మాట. పొలం బేరానికి పెట్టాం.

ఈలోగా ఇంకొకరిని అడుగుదామని హైదరాబాద్‌లోనే మరో ఆస్పత్రికి వెళ్లాం. ఈ సమీక్ష ఆ ఆస్పత్రి గురించే. డాక్టరు గారు కాగితం మీద కాలేయం బొమ్మ గీశారు. గడ్డను వేడితో మాడిస్తే చచ్చిన క్యాన్సర్ కణాల ముక్కలు బయటపడతాయి, వాటిని చూసి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ శత్రువును గుర్తుపడుతుంది, అదే సమయంలో ఇమ్యునోథెరపీ తోడైతే మిగిలిన కణాలనూ వేటాడుతుందని ఆశ. ఇలా మందు తోడైతే వ్యాధి తిరగబెట్టకుండా ఉంటుందా అని చూడటానికే కాలేయ క్యాన్సర్‌కు ఆపరేషనో అబ్లేషనో అయిన 668 మందితో ఐఎంబ్రేవ్050 పరిశోధన జరిగింది. సగం మందికి అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు, దానికి తోడు గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ ఇచ్చారు; మిగతా సగాన్ని మందు లేకుండా గమనించారు. 2023 ఫలితాల్లో మందు తీసుకున్నవాళ్లలో వ్యాధి తిరగబెట్టడం తగ్గింది. 2024 నాటికి ఆ తేడా నిలవలేదు.

"అంటే వద్దంటారా?" అన్నారు నాన్న.

"ఇప్పుడు వద్దండి. మళ్లీ వచ్చి, సూదికి లొంగని దశకు చేరితే అప్పుడు ఇదే మందు వాడదాం. ఆ దశలో ఇది ఆయుష్షు పెంచుతుందని 2020లోనే తేలింది."

ఈ మాటకే నేను పూర్తి మార్కులు వేస్తాను. పొలం మాకు మిగిలింది.

అబ్లేషన్ ముందు రోజు ఆ సూదిని నాన్నకు చూపించారు. రైస్ మిల్లులో బస్తాలు కుట్టిన మనిషి కదా, "మా దబ్బనం కన్నా సన్నమే" అని ధైర్యం తెచ్చుకున్నారు. మర్నాడు పక్కటెముకల కింద రెండు చుక్కలు, పెన్సిలుతో పొడిచినట్టు, అంతే. కుడి భుజంలో నొప్పి రెండు రోజులుంది. అలా ఉంటుందని నర్సు ముందే చెప్పింది కాబట్టి కంగారు పడలేదు.

బిల్లింగ్ విభాగం మాత్రం దారుణం. ఇన్సూరెన్స్ కాగితం ఒకటి కనబడలేదని, రాత్రి నుంచి పరగడుపున ఉన్న డెబ్బై ఏళ్ల మనిషిని మధ్యాహ్నం మూడు దాకా కూర్చోబెట్టారు. ఇది మారాలి.

నెల తర్వాత తీసిన సీటీలో రెండు చోట్లా నల్లటి మచ్చలే కనిపించాయి, బతికున్న గడ్డ లేదన్నారు. మూడు నెలలకోసారి స్కానింగు, ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్ జాడ చూసే) రక్తపరీక్ష. తర్వాతిది సంక్రాంతి వెళ్లాక.