ఇంగ్లీషులో కదలనిది తెలుగులో కదిలింది: ఈఎండీఆర్ ముగిసి మూడేళ్లు దాటాక

ఈఎండీఆర్ అంటే మనసులో దిగబడిపోయిన చేదు జ్ఞాపకం తాలూకు బాధను తగ్గించడానికి, దాన్ని తలచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే మానసిక చికిత్స. థెరపిస్టు వేళ్లు అటూ ఇటూ కదుపుతుంటే కళ్లతో ఎలా వెంబడించాలో, మొత్తం ఎన్ని దశలుంటాయో ఇక్కడ మళ్లీ రాయను. ఈఎండీఆర్ గురించి ఆరా తీస్తున్నవాళ్లకు అదంతా తెలిసే ఉంటుంది. నాకు చెప్పాలని ఉన్నది ఒక్క వాక్యం గురించి. జరిగినదాన్ని తలచుకుంటే మీ గురించి మీకు ఏమనిపిస్తుందో ఒక్క మాటలో చెప్పండి అని మొదట్లోనే అడుగుతారు. పని అంతా ఆ మాట మీదే నడుస్తుంది. ఆ మాట ఏ భాషలో ఉండాలన్నది మాత్రం నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

2019 జనవరి. సంక్రాంతికి విజయవాడ వెళ్లి హైదరాబాద్ తిరిగొస్తున్నాం. పంతంగి టోల్ దగ్గర రద్దీలో చిక్కుకోకూడదని తెల్లవారుజామున మూడింటికే బయలుదేరాం. ముందు సీట్లో బాబాయి. నకిరేకల్ దాటాక, పొగమంచులో, రోడ్డు ఎడమ అంచున లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ. స్టీరింగ్ కుడికి తిప్పాను. కారు ఎడమ వైపు లారీ కిందికి పోయింది. చూసినవాళ్లంతా ప్రమాదమే అన్నారు, పోలీసులూ అదే రాశారు. నాకు మాత్రం ఒకటే అనిపించేది: నా వైపు కాచుకుని ఆయన వైపు అప్పగించానని.

తర్వాత దాదాపు మూడేళ్లు నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. లారీ ఎయిర్ బ్రేకు చప్పుడు వినిపిస్తే మణికట్టు నుంచి వేళ్ల దాకా మొద్దుబారిపోయేది. పిన్ని ముఖం చూడలేక బాబాయి సంవత్సరీకానికి కూడా ఏదో వంక చెప్పి వెళ్లలేదు. 2021 నవంబరులో మా ఆవిడ పట్టుబట్టి ఈఎండీఆర్ చేసే ఒక మేడమ్ దగ్గరికి తీసుకెళ్లింది. అమ్మ మాత్రం ‘ఎర్రగడ్డకా నాన్నా?’ అని ఏడ్చింది. ఆ ఏడుపుకు సమాధానం చెప్పడానికే నాకు రెండు వారాలు పట్టింది.

మొదటి రెండు సార్లు నా వివరాలు, మనసు కుదుటపరుచుకునే అభ్యాసాలు. తర్వాత అసలు పని మొదలైంది. నాకు వెంటనే నచ్చింది ఏమిటంటే, జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పమనలేదు, ఇంటికి హోంవర్క్ ఇవ్వలేదు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ చికిత్సను సిఫార్సు చేసినప్పుడు కూడా ఈ తేడాను ప్రత్యేకంగా చెప్పింది. ఒక విడత కళ్లు కదిపాక ‘ఏం వచ్చింది?’ అంటారు. రెండు ముక్కలు చెబితే ‘గో విత్ దట్’ అని మళ్లీ వేళ్లు కదుపుతారు. అంతే.

కానీ నాలుగు సెషన్లు గడిచినా బాధ అంకె దిగలేదు. సున్నా నుంచి పది దాకా కొలిచే అంకె అది. నాది ఎనిమిది దగ్గర మొదలై ఏడు దాకా వచ్చేది, మళ్లీ ఎనిమిది. కళ్లు నొప్పెడుతున్నాయంటే ఒకసారి అరచేతుల్లో పెట్టుకునే బజర్లు ఇచ్చారు. ఒకటి తర్వాత ఒకటి వణుకుతుంటే చేతులు ఇంకా బిగుసుకుపోయాయి. మళ్లీ కళ్ల దగ్గరికే వచ్చాం.

అప్పటిదాకా నా వాక్యం ‘ఐ యామ్ రెస్పాన్సిబుల్’. మేడమ్ ఇచ్చిన కాగితంలో అలాంటి వాక్యాల జాబితా ఉంది, అందులోంచి ఏరుకున్నాను. 1987లో ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికన్ మహిళ ఒక పార్కులో నడుస్తూ, కళ్లు అటూ ఇటూ కదిలినప్పుడు తన కలత తగ్గడం గమనించడంతో మొదలైన పద్ధతి ఇది. అక్కడ పుట్టింది కాబట్టి జాబితా ఇంగ్లీషులోనే ఉంటుంది. నేనూ ఇంగ్లీష్ మీడియమే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందులో ఇబ్బంది ఉందని నాకు తోచనే లేదు. ఆఫీసులో ఏ పని ఆలస్యమైనా ఆ మాటే వాడతాం. అదే మాటతో బాబాయి గురించి మాట్లాడుతున్నానని ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అయిదోసారి మేడమ్ ఆ కాగితం పక్కన పెట్టేశారు. ‘ఇంట్లో, రాత్రి నిద్ర పట్టనప్పుడు, మీలో మీరు ఏమనుకుంటారు? అదే మాట చెప్పండి’ అన్నారు. ఆమెకు తెలుగు వచ్చు, అయినా అప్పటిదాకా మేమిద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం.

‘చేతులారా బాబాయిని చంపుకున్నాను’ అన్నాను.

ఆ మాట నా నోటి వెంట రావడం అదే మొదటిసారి. ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది అని అడిగారు. చెప్పక్కర్లేకపోయింది, నా రెండు చేతులూ ఒళ్లో వణుకుతున్నాయి. మూడేళ్లుగా చేతులు ఎందుకు మొద్దుబారుతున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. నేను నన్ను తిట్టుకునే మాటలోనే అవి ఉన్నాయి. ఇంగ్లీషు వాక్యంలో చేతులు లేవు.

అంకె పదికి ఎక్కింది. మేడమ్ ఆపలేదు, తొందరపెట్టలేదు. మూడో విడతో నాలుగో విడతో గుర్తులేదు, ఉన్నట్టుండి ఏలూరు కాలువ గట్టు కనిపించింది. నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. బాబాయి సీటు పట్టుకుని సైకిల్ నేర్పిస్తున్నాడు. నేను తొక్కుతూనే ఉన్నాను, వెనక ఎక్కడో దూరం నుంచి ఆయన గొంతు: ‘చెయ్యి ఎప్పుడో వదిలేశాను రా, నువ్వే తొక్కుతున్నావ్!’ ముప్పై ఏళ్లుగా గుర్తురాని సంగతి అది. ఆ గదిలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. ప్రమాదం జరిగాక అంతలా ఏడవడం అదే మొదలు. సెషన్ అయ్యేసరికి అంకె మూడు.

తర్వాతి సెషన్లలో కుడికి తిప్పిన ఆ క్షణం కొద్దికొద్దిగా వెనక్కి జరిగింది. మన మనసు ఒకేసారి మోయగలిగింది కొంతే, కళ్లతో వేళ్లను వెంబడిస్తూ ఆ దృశ్యాన్నీ పట్టుకోవాలంటే రెండూ ఇరుకై దృశ్యం పలచబడుతుందని కొందరు పరిశోధకుల వివరణ. కళ్ల కదలిక అసలు అవసరమేనా అని వాళ్లలో వాళ్లకు వాదాలూ ఉన్నాయి. నాకు తెలిసింది ఇంతే: ముందు అద్దం నిండా ఉండే లారీ ఇప్పుడు ఎవరో తీసిన పాత ఫోటోలో ఉన్నట్టు ఉంటుంది.

చివర్లో పాత మాట స్థానంలో నమ్మగలిగిన కొత్త మాట పెట్టుకోమంటారు. కాగితంలో ‘ఐ డిడ్ ద బెస్ట్ ఐ కుడ్’ ఉంది. నాకు అంటలేదు. ‘అది నా చేతుల్లో లేదు’ అన్నాను. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే, ఎవరు పోయినా ఎవరో ఒకరు అనే మాట. నా చేతులు ఒళ్లో కుదురుగా ఉండి నేను దాన్ని అన్నది మాత్రం ఆ రోజే. ఆ మాటను ఎంత నమ్ముతున్నారో ఒకటి నుంచి ఏడు దాకా చెప్పాలి. రెండు దగ్గర మొదలుపెట్టి ఆరు దాకా వచ్చాను. ఏడు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేను.

ఇంగ్లీషులో పోయిన నాలుగు సెషన్లు వృథా అని ఆ మధ్య అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా అనడం తగ్గించాను. మొదటి రోజే ‘చేతులారా’ అని ఉంటే నేను తట్టుకునేవాణ్ణా అన్నది అనుమానమే. ఆ పరాయి మాట కొన్నాళ్లు నన్ను కాచిందేమో. అయిదోసారికి మేడమ్ మీద నమ్మకం కుదరడం కూడా ఒక కారణం కావచ్చు. తెలుగు ఒక్కటే చేసిందని గట్టిగా చెప్పలేను.

ఒక దెబ్బ కూడా చెప్పాలి. ఆ నాలుగింటిలో మూడోదానికి తర్వాతివాళ్లు బయట ఎదురుచూస్తున్నారని చివర్లో మనసు నెమ్మదింపజేసే నిమిషాలు లేకుండానే లేచాం. ఆటో ఎక్కాను, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద పక్కన ఏదో వాహనం గట్టిగా బ్రేకు వేసింది. ఆ తర్వాత రెండు రాత్రులు నిద్ర లేదు, కళ్లు మూస్తే అద్దం పగిలేది. మేడమ్ తర్వాత ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నారు, అప్పటి నుంచి ప్రతిసారీ చివరి పావుగంట దానికే ఉంచారు. ఎవరైనా వెళ్తుంటే ఈ పావుగంట గురించి ముందే మాట్లాడుకోండి. వెనక్కి తీసుకెళ్లడానికి ఒక మనిషి తోడుంటే ఇంకా మంచిది.

మొత్తం పద్నాలుగు సెషన్లు, సుమారు ఎనిమిది నెలలు. నాది ఒకే ప్రమాదం, పెద్దయ్యాక జరిగింది, ఇంట్లో అండ ఉంది, ఫీజు కట్టగలిగే జీతం ఉంది. చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి హింస పడ్డవాళ్లకు ముందు సిద్ధం చేయడానికే చాలా కాలం పడుతుంది. నా లెక్క వాళ్లకు వర్తిస్తుందని అనుకోను.

2023 సంవత్సరీకానికి వెళ్లాను. పిన్ని విస్తరి వేస్తూ ‘ఇన్నాళ్లకు వచ్చావా నాన్నా’ అంది, ఇంకేమీ అడగలేదు. పోయిన సంక్రాంతికి నేనే కారు నడిపాను, పగటి పూట. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు మాత్రం తాళాలు మా ఆవిడ చేతికి ఇచ్చాను. చౌటుప్పల్ వచ్చాక మళ్లీ తీసుకున్నాను.