ఐదు సీజన్ల తర్వాత మెరుపు ట్రిగ్గర్: పగటికి కొనండి, రాత్రికి వద్దు

మెరుపుల ఫోటోల కోసం కెమెరా హాట్‌షూలో (పైన ఫ్లాష్ తగిలించే గాడిలో) బిగించి, రిమోట్ పోర్టుకు తీగ కలిపే చిన్న సెన్సర్ డబ్బా ఇది. మెరుపు వెలుగు తగలగానే షట్టర్ నొక్కుతుంది. నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి వైపు వరికయ్యల్లోనూ, కందుకూరు చేలల్లోనూ ఏప్రిల్, మే గాలివానలకీ, సెప్టెంబర్ సాయంత్రపు మబ్బులకీ ఐదేళ్లు వాడాక రాస్తున్న మాట.

రాత్రికి దీని మీద డబ్బు పెట్టొద్దు. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 200, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, షట్టర్ 20 సెకన్లు పెట్టి ఇంటర్వలోమీటర్‌తో (వరసగా తానే షట్టర్ నొక్కే టైమర్‌తో) ఆపకుండా తీస్తే చాలు. మెరుపు ఎంత ప్రకాశంగా పడాలో తేల్చేది అపర్చర్, ఐఎస్ఓలే. షట్టర్ సమయం నేలనీ మబ్బునీ మాత్రమే మారుస్తుంది. మబ్బు దగ్గరవుతున్న కొద్దీ ఎఫ్/11కి, అంటే ఇంకా చిన్న రంధ్రానికి వెళ్లండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తెరిచిన ఫోటోలో చుక్కలు తీసేసే సెట్టింగ్) ఆపడం మరవొద్దు. ఆపకపోతే ప్రతి 20 సెకన్ల ఫోటోకీ ఇంకో 20 సెకన్లు కెమెరా మూతపడి ఉంటుంది.

పగటి సంగతి వేరు. నాలుగున్నరకి వెలిగొండల మీద మబ్బు లేచి తూర్పుకు కదిలేటప్పుడు వెలుతురు ఇంకా బాగా ఉంటుంది, షట్టర్ ఎక్కువసేపు తెరవలేం. కంటితో చూసి నొక్కేలోపు మెరుపు అయిపోతుంది. ట్రిగ్గర్ అక్కరకొచ్చేది ఇక్కడే. ఐఎస్ఓ 100, ఎఫ్/11 నుంచి 16, షట్టర్ 1/4 నుంచి 1/8. ఫోటో ఇంకా తెల్లగా వస్తుంటే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లటి అద్దం). 1/60 పెడితే చాలా ఫ్రేములు ఖాళీగా వస్తాయి.

కారణం చెప్పాలి. నేలను తాకే ఒక మెరుపులో మామూలుగా మూడు నాలుగు దెబ్బలు ఒకే దారిన దిగుతాయి, మధ్య 40, 50 మిల్లీసెకన్ల ఎడంతో. మొదటి దెబ్బ సెన్సర్‌ని లేపుతుంది. డీఎస్ఎల్ఆర్ షట్టర్ తెరుచుకునే సరికి 50 నుంచి 100 మిల్లీసెకన్లు పోతాయి. కాబట్టి ఫోటోలో పడేది రెండోదో మూడోదో. కొమ్మలు కొమ్మలుగా చీలే అందం మాత్రం మొదటి దెబ్బది. తర్వాతవి ఎక్కువగా నడిమి కాడలోనే దిగుతాయి. మీ ఫోటోలో మెరుపు కొమ్మలు లేని మోడులా ఉంటే డబ్బాను తప్పుపట్టకండి. ఒక్క దెబ్బతో ముగిసేవి దాదాపు చిక్కవు. మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ మొదటి తెర కదలకుండా ఎలక్ట్రానిక్‌గానే ఫోటో మొదలయ్యే పద్ధతి) పెడితే ఆలస్యం తగ్గుతుంది. ఆటోఫోకస్, స్టెబిలైజేషన్, తీసిన ఫోటో తెరమీద చూపడం, ఈ మూడూ ఆపేయాలి. దూరపు సెల్ టవర్ మీద ఫోకస్ సరిచేసి రింగుకు టేపు వేయండి.

సెన్సిటివిటీ నాబ్ పూర్తిగా తిప్పితే మబ్బు లోపలే మెరిసే ప్రతిదానికీ కొట్టుకుంటుంది, కార్డు నిండుతుంది. చీకటి పడ్డాక హైవే హెడ్‌లైట్లు, తీరం వైపు రొయ్యల గుంటల లైట్లు కూడా దాన్ని మోసం చేస్తాయి. సగంతో మొదలుపెట్టి తగ్గిస్తూ పోండి. ఇది కెమెరాను నిద్రపోనివ్వదు కాబట్టి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రెండోది జేబులో ఉండాలి.

ఎడగారు (నెల్లూరు వైపు ఎండాకాలంలో వేసే రెండో పంట) నాట్లప్పుడు కయ్యల్లో నీళ్లు నిలిచి ఉంటే మెరుపు నీడ అడుగున కూడా పడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే. అయితే చల్లగాలి ముందే వచ్చి నీటిని చెదరగొడుతుంది, మబ్బు 20 కిలోమీటర్ల అవతల ఉండగానే తీయాలి. తడిగట్టు మీద ట్రైపాడ్ కాళ్లు దిగబడతాయి, కింద చెక్కముక్కలు పెట్టండి. నడిమి కడ్డీ పైకి లాగొద్దు.

ఈ డబ్బా చేసే పెద్ద మేలు, కెమెరా గట్టున ఉండగా మనిషి కారులో ఉండొచ్చు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్లకు తగ్గితే కెమెరాను వదిలేసి ఇనుప టాపు కారెక్కి అద్దాలు మూసుకోవాలి. తాటిచెట్టు, మోటారు షెడ్డు, కంచె తీగ దగ్గరికి పోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్, మబ్బులను చూపే శ్రీహరికోట రాడార్ చిత్రం ముందే చూసుకోండి. కెమెరాను కూడా కారులోనే పెడదామంటే, సన్‌ఫిల్మ్ వేసిన అద్దం పరారుణ కాంతిని ఆపి సెన్సర్ చూపు తగ్గిస్తుంది.

నాసిరకం భాగం తీగే. మూడో ఏడు సాకెట్ దగ్గర వదులై, ట్రిగ్గర్ దీపం వెలిగినా షట్టర్ పడేది కాదు. విడి తీగ ఒకటి సంచిలో ఉంచుకోండి. సీజన్ అయ్యాక సెల్స్ తీసేయండి, లేకపోతే అవి కారి స్ప్రింగులు పచ్చబడతాయి.