రెండు శనివారాల సైబర్ క్లాసు: క్లాసు బాగుంది, ఫారం బాగాలేదు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో మొన్న వేసవి సెలవుల్లో పిల్లలకు సైబర్ సేఫ్టీ క్లాసు పెట్టారు. రెండు శనివారాలు, పూటకు రెండున్నర గంటలు, తలకు 900 రూపాయలు. నాలుగో తరగతి నుంచి తొమ్మిది దాకా. మా ఇద్దర్నీ చేర్పించాను. పెట్టినవాళ్ళ పేరు రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. మీ దగ్గర కూడా ఎవరైనా ఇలాంటిది పెడితే, డబ్బు కట్టే ముందు ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నా.

చేర్పించడానికి కారణం మా చిన్నోడు. ఐదో తరగతి. నా ఫోన్‌లో గేమ్ ఆడతాడు. ఎవరో 'ఫ్రీ డైమండ్స్' అని లింక్ పంపితే నొక్కి, నా మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ రెండూ టైప్ చేశాడు. గేమ్ అకౌంట్ పోయింది. పోతే పోయింది, నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. దోసె పెడితే సగం వదిలేస్తున్నాడు, జ్వరమేమో అనుకున్నాను. ఐదో రోజు రాత్రి ఏడుస్తూ చెప్పాడు. అప్పుడు చూస్తే మెయిల్‌కూ, కరెంటు బిల్లు యాప్‌కూ, స్కూల్ యాప్‌కూ అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. నా పేరు, పక్కన 123. నవ్వకండి, మీది కూడా ఓసారి చూసుకోండి.

క్లాసు చెప్పినతను పాతికేళ్ళ కుర్రాడు, హిందూపురం వాడట. ఇంగ్లిష్, కన్నడలో మొదలుపెట్టాడు కానీ, వెనక వరుస పిల్లలు తెలుగులో గుసగుసలు పెడుతుంటే తనూ తెలుగులోకి దిగిపోయాడు. మొదటి ఇరవై నిమిషాలు మాత్రం దండగ. నల్ల ముసుగు మనిషి, వెనకాల పచ్చ అంకెలు, అవే స్లైడ్‌లు. పిల్లలు సినిమా ట్రైలర్ చూసినట్టు చూశారు. మావాడి దగ్గర పాస్‌వర్డ్ కొట్టేసినవాడు ముసుగేసుకుని రాలేదు, డైమండ్స్ ఇస్తానని వచ్చాడు.

తర్వాత ల్యాప్‌టాప్ మూసేశాడు. అక్కడి నుంచి క్లాసు లేచింది. ఒక అమ్మాయిని పిలిచి, నీ పాత సైకిల్ 3,000కి అమ్ముతున్నావు అన్నాడు. తను కొనేవాడు. "మేడమ్, నేను ఆర్మీలో ఉన్నా, రాలేను. సైకిల్ తీసుకెళ్ళడానికి మనిషిని పంపిస్తా, డబ్బు ఇప్పుడే వేస్తా. ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి చాలు." కొట్టొచ్చా అని అందర్నీ అడిగితే, సగానికి పైగా చేతులు లేచాయి. వెనక కూర్చున్న తల్లుల్లో ఇద్దరివి కూడా. ఒకటి నాది. "మన ఇంట్లోకి డబ్బు రావడానికి మన బీరువా తాళం ఎందుకండీ?" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. సాయంత్రం మావాడు కిందికెళ్ళి ఇస్త్రీ ఆయనకు ఇదే పాఠం చెప్పొచ్చాడు. ఆయనకు ముందే తెలుసట. తెలియంది నాకే.

పాస్‌వర్డ్‌ల పాఠం కూడా ఆటే. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఏరుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయడం. ఉగ్గాని, గొడుగు, బల్లి, ఇడుపు ఇలా. పొడుగ్గా ఉంటే పగలగొట్టడం కష్టం, నవ్వొస్తే మరిచిపోరు. ఒక అకౌంట్‌ది ఇంకోదానికి వాడకూడదు, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవాలి. మావాడిది ఏమిటో నాక్కూడా చెప్పలేదు.

రెండో శనివారం పెద్దపిల్లల్ని విడిగా కూర్చోబెట్టారు. ఒక తప్పు దొర్లింది. వాట్సాప్‌లో ఫోటో పంపితే ఎక్కడ తీశామో అవతలివాళ్ళకు తెలిసిపోతుందన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా ఆయన వెంటనే అడ్డుపడ్డారు. మామూలుగా పంపితే ఆ లొకేషన్ వివరం ఊడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే ఉంటుంది. కుర్రాడు వాదించకుండా బోర్డు మీద దిద్దాడు. అసలు సంగతి ఫోటో వెనకాల ఉందని తర్వాత చూపించాడు. స్కూల్ బ్యాడ్జి, గేటు మీద అపార్ట్‌మెంట్ పేరు, బస్సు నంబరు.

ఎవరైనా ఫోటోలు పెట్టుకుని బెదిరిస్తే ఏం చేయాలో మాత్రం అతను చెప్పినంత సూటిగా నేను ఎక్కడా వినలేదు. డబ్బు పంపొద్దు. చాట్ చెరిపేయొద్దు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టు, తర్వాత బ్లాక్ చెయ్. ఇంట్లో ఒకరికి చెప్పు. ఇంట్లో కుదరకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోకముందే ఆపితేనే దొరికే ఆశ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ సైట్‌లో పిల్లల మీద జరిగే నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చట. ఇది నాకు కొత్త.

మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. "క్లాస్‌మేట్ ఫోటోతో వెక్కిరిస్తూ స్టికర్ చేసింది నా ఫ్రెండే అయితే?" అని అడిగింది. అతను కాసేపు ఆగి, "ముందు స్టికర్‌లో ఉన్న అమ్మాయి పక్కన వెళ్ళి కూర్చో. టీచర్‌కి చెప్పడం ఆ తర్వాత" అన్నాడు. మంచి జవాబే, కానీ ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఈ వయసు పిల్లలకు హ్యాకర్ కంటే క్లాస్ గ్రూపుతోనే టెన్షన్ ఎక్కువ. ముసుగు మనిషికిచ్చిన ఇరవై నిమిషాలూ దీనికి ఇవ్వాల్సింది.

చివరి పావుగంట తల్లిదండ్రులకు. పిల్లలు పేరు రాయకుండా ఇచ్చిన చీటీలు చదివి వినిపించాడు. ప్రశ్న ఒకటే, ఏదైనా జరిగితే ఇంట్లో ఎందుకు చెప్పరు? 'ఫోన్ లాక్కుంటారు' అనేవే ఎక్కువ. ఒక చీటీలో 'అమ్మ ఏడుస్తుంది' అని ఉంది. అతను దాన్ని టేబుల్ మీద పెట్టినప్పుడు చేతిరాత చూశాను. డొంకతిరుగుడు 'డ', నేనే ఎన్నిసార్లో దిద్దించాను. ఆ పావుగంట గంట చేసి ఉంటే ఇంకో 500 ఇచ్చేదాన్ని.

ఇక ఫారం. చేరేటప్పుడు పిల్ల పేరు, పుట్టిన తేదీ, స్కూలు, సెక్షన్, ఫోటో, మా ఇద్దరి ఫోన్ నంబర్లు అన్నీ అడిగారు. నింపేశాను. రెండో క్లాసుకు ముందు రోజు, ఎవరు ఏ బ్యాచో చూసుకోమని వాట్సాప్ గ్రూపులో ఒక షీట్ లింక్ పెట్టారు. పెద్దమ్మాయి తెరిచి, "అమ్మా, మా అందరి పుట్టినరోజులూ ఇందులోనే ఉన్నాయి" అంది. పుట్టినరోజులే కాదు, అన్నీ. లింక్ ఉంటే చాలు, ఎవరైనా చూడొచ్చు. పైగా మొదటి క్లాసు ఫోటోలు వాళ్ళ ఇన్‌స్టా పేజీలో. పిల్లల మెడలో పేరు ట్యాగులు చక్కగా చదవొచ్చు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని స్లైడ్ వేసి చెప్పిందీ వీళ్ళే. ఫోటోలు పెడతామని మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

మెసేజ్ పెట్టాను. ఫోటోలు గంటలో తీసేశారు, సారీ చెప్పారు. షీట్ మూయడానికి రెండు రోజులు పట్టింది. మా వివరాలు పూర్తిగా చెరిపేశారా అని మూడుసార్లు అడిగాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

క్లాసుకు ఐదుకు నాలుగు. ఫారం, షీట్ లాంటి వాళ్ళ ఆఫీసు పనికి ఒకటి, అది కూడా ఫోటోలు త్వరగా తీసినందుకు. దసరా సెలవుల్లో ఇంకో బ్యాచ్ ఉందట, మా చెల్లెలి కూతుర్ని పంపమని చెప్పాను. ఫారంలో పుట్టిన తేదీ, ఫోటో గళ్ళు ఖాళీగా వదిలేసి, ఎందుకు కావాలో వాళ్ళనే అడగమన్నాను.