పొన్నూరులో ఉండి చూశాం: గుడి వీధి, నిడుబ్రోలు స్టేషను, మధ్యలో మనుషులు

నాన్నగారు రిటైరయ్యాక విజయవాడ వదిలేసి ఏదైనా చిన్న ఊళ్లో ఉందామని అమ్మ చాలాకాలంగా అంటోంది. బెంజి సర్కిల్ పక్కన అపార్ట్‌మెంటులో ఉంటే ఆవిడకి రోడ్డు దాటడమే పెద్ద టెన్షన్. సరే, మాటలతో తేలే విషయం కాదని, ముగ్గురం గుంటూరు జిల్లా పొన్నూరు వెళ్లి కొన్నాళ్లు ఉండొచ్చాం. మాకక్కడ చుట్టాలు లేరు. ఉంటే వాళ్ల మర్యాదలే సరిపోయేవి, కొత్తవాళ్లని ఆ ఊరు ఎలా చూస్తుందో తెలిసేది కాదు.

విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకి రైలే సుఖం. తెనాలి మీదుగా చీరాల వైపు వెళ్లే పాసింజరు ఎక్కితే నిడుబ్రోలులో దింపుతుంది. టికెట్టు మీద పొన్నూరు అని ఉండదు, పొన్నూరుకి స్టేషను నిడుబ్రోలే. రెండూ ఇప్పుడు ఒకే మునిసిపాలిటీ. కొత్తవాళ్లకి ఏ ఊరు ఎక్కడ మొదలవుతుందో తెలియదు కానీ అక్కడివాళ్లకి మాత్రం ఆ గీత బాగా తెలుసు. స్టేషను వైపు వాళ్లు "పొన్నూరు వెళ్లొస్తా" అనే అంటారు. గుంటూరు నుంచయితే బస్సే మేలు. చేబ్రోలు మీదుగా సుమారు ముప్పై కిలోమీటర్లు, గంట ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెవెలుగుల్లో సీటు దొరకడం కష్టమైంది. తిరుగు ప్రయాణంలో అమ్మ, నేను ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకుని సగం దూరం నిలబడే వచ్చాం. అమ్మ పక్కన నిలబడ్డావిడ గుంటూరులో ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. రోజూ పోనూ రానూ బస్సు డబ్బులు మిగలబట్టే కూతురిని ట్యూషన్‌కి పంపుతున్నానంది. ఆ మాట విన్నాక రద్దీ గురించి విసుక్కోవడానికి నాకు నోరు రాలేదు.

వీలుంటే చేబ్రోలులో దిగండి. కోనేరు మధ్యలో బ్రహ్మదేవుడి గుడి ఉంది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. లింగానికి నాలుగు వైపులా బ్రహ్మ రూపాలు ఉంటాయి. బ్రహ్మకి గుడి దొరకడమే అరుదు కాబట్టి ఆగి చూడాలి. అరగంట చాలు.

ఇక బస. మొదట బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఏసీ గదికి 1,200 తీసుకున్నారు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, కౌంటరులో ఉన్న కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు. కానీ కరెంటు పోతే జనరేటరు ఫ్యానుకి మాత్రమే వస్తుందని ముందు చెప్పలేదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. కింద హాల్లో ఏదో ఫంక్షన్, రాత్రి పదకొండు దాకా మైకు మోగుతూనే ఉంది. ఒక రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్లిపోయేవాళ్లకి పరవాలేదు. వయసైన వాళ్లతో వెళ్తే మాత్రం నేను సిఫారసు చేయను.

మర్నాడు పొద్దున్న టిఫిన్ బండి దగ్గర మా బస మారిపోయింది. ఆ బండి నడిపే ఆవిడ పెసరట్టు తిప్పుతూ అమ్మని, "ఎవరింటికొచ్చారు వదినా?" అని అడిగింది. ఎవరింటికీ రాలేదు, ఊరు చూద్దామని వచ్చామంటే నమ్మలేదు. మొత్తం సంగతి చెప్పాక, "లాడ్జిలో ఉండి ఏం చూస్తారు ఊరు?" అని నిడుబ్రోలు వైపు ఒక మేడ మీద పోర్షన్ ఉందని ఫోన్ కలిపింది. ఇంటివాళ్ల అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడట, వాళ్లూ ఏడాదిలో సగం అక్కడే. తాళాలు ఎదురింటి పెద్దాయన దగ్గర. ఆయన మా ఆధార్ కార్డులు ఫోటో తీసుకుని, వాళ్లకి వాట్సాప్‌లో పంపి, ఒప్పుకున్నాకే తలుపు తీశారు. అద్దె మాట ఎత్తితే, "వెళ్లేటప్పుడు చూద్దాం లెండి అన్నయ్యగారూ" అని నాన్నతో అన్నారు. చివరికి లాడ్జి కన్నా తక్కువే తీసుకున్నారు.

ఆ వీధిలో అలాంటి తాళం వేసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. మంచి ఇళ్లు, టేకు తలుపులు, ముందు కొబ్బరి చెట్లు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో. ఉన్న ఇళ్లలో చాలావాటిలో ఇద్దరేసి పెద్దవాళ్లు. అందుకేనేమో, పొద్దున్న ఎవరి తలుపు తీయకపోయినా పక్కవాళ్లు పిలిచి చూస్తారు. విజయవాడలో మా ఎదురు ఫ్లాటువాళ్ల పేరు నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఇక్కడ రెండో సాయంత్రానికే నాన్న బీపీ మాత్ర ఏ టైముకి వేసుకుంటారో అరుగు మీద కూర్చునే వాళ్లందరికీ తెలుసు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది రాయకపోతే తప్పు. "అమ్మాయ్, పిల్లలెంతమంది? ఇంకా ఎందుకు లేరు?" లాంటి ప్రశ్నలు రోజుకి ఒకసారైనా ఎదురయ్యాయి. వాటిని నవ్వుతో దాటేయొచ్చు. కానీ అద్దె ఇళ్ల కోసం వాకబు చేసినప్పుడు, రెండు చోట్ల అద్దె ఎంతో చెప్పకముందే మా ఇంటిపేరు అడిగారు. ఎందుకు అడుగుతున్నారో అందరికీ తెలుసు. ఆప్యాయతా, ఈ అడగడమూ ఒకే మనుషుల్లో ఉండడం నన్ను చాలా బాధపెట్టింది. చిన్న ఊళ్లో మనుషులంతా వెన్నలాంటివాళ్లని రాసేవాళ్లు ఇల్లు అద్దెకి అడిగి చూడాలి.

గుళ్లలో ముందు సాక్షి భావనారాయణ స్వామి గుడికి వెళ్లండి. పంచ భావనారాయణ క్షేత్రాల్లో ఇదొకటి, ఇంకొకటి పక్కనే బాపట్లలో ఉంది. కాశీయాత్రలో ఒక మామ మేనల్లుడికి కూతురినిస్తానని మాటిచ్చి, ఊరొచ్చాక తప్పితే, ఆ మాటకి సాక్ష్యం చెప్పడానికి స్వామి నడిచొచ్చాడని కథ. వెనక్కి తిరిగి చూడొద్దన్నా కుర్రాడు చూశాడట, స్వామి అక్కడే శిలైపోయాడట. మంటపంలో కూర్చున్న ముసలాయన ఈ కథ అమ్మకి చెబుతూ, "ఇక్కడ నోటిమాట మీద అప్పులిచ్చేవాళ్లమమ్మా ఒకప్పుడు" అన్నారు. ఇప్పుడు ప్రామిసరీ నోటు లేకుండా ఎవరూ ఇవ్వరట. పొద్దున్న ఏడు లోపు వెళ్తే గుడి మనదే అన్నట్టుంటుంది. ఆంజనేయస్వామి, గరుత్మంతుడి పెద్ద విగ్రహాలున్న సహస్రలింగేశ్వరాలయానికే బయటి జనం ఎక్కువ. 24 అడుగుల ఆంజనేయుణ్ణి, 30 అడుగుల గరుత్మంతుణ్ణి చూడ్డానికి బస్సుల్లో వస్తారు. శని, ఆదివారాలు వదిలి వెళ్తేనే ప్రశాంతంగా చూడగలం.

నాన్నకి మాత్రం గుళ్లకన్నా టీకొట్టే నచ్చింది. రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా 1900లో పుట్టిన ఊరు నిడుబ్రోలు. 1930ల్లో రైతు కార్యకర్తలకి పాఠాలు చెప్పే విద్యాలయం ఆయన ఇక్కడే నడిపారు. గుంటూరు లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఉన్నది ఆయన పేరే. టీకొట్టు దగ్గర మాటలు వింటే ఆ పాఠాలు ఇంకా నడుస్తున్నాయనిపిస్తుంది. మేం రోజూ చూసే ప్రకాశం బ్యారేజీ నీళ్లే కాలవల్లో ఇక్కడి వరికి వస్తాయి. ఆ బ్యారేజీకి ముందున్న పాత ఆనకట్ట 1855లో పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా బతుకు ఆ నీటి మీదే. నీళ్లు ఏ వారం వదిలారు, చివరి పొలానికి ఎప్పుడు చేరాయి అన్నదే వాళ్లకి క్యాలెండరు. వరి తర్వాత ఒకప్పుడు అంతా మినుమే, ఇప్పుడు చాలామంది మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు. పొలం చేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయిన సంగతి ఒకాయన చెప్పారు. కంకులు పొలంలోనే మొలకెత్తాయట. కౌలు మాత్రం పూర్తిగా కట్టాల్సొచ్చింది. చెబుతూ ఆయన గొంతు పెంచలేదు, పక్కనున్నవాళ్లు ఎవరూ అడ్డు రాలేదు కూడా. నాన్న అప్పటిదాకా ధాన్యం ధర గురించి ఏదో అంటున్నవారు ఆగిపోయారు.

తిండికి లోటు లేదు. టిఫిన్లు పొద్దున్న తొమ్మిదిన్నరకే అయిపోతాయి, ఆలస్యంగా లేచేవాళ్లు గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం మెస్సు భోజనంలో గోంగూర, పప్పుచారు, గడ్డపెరుగు బాగున్నాయి. కారం గుంటూరు లెక్కే, వయసైనవాళ్లకి ముందే చెప్పి తగ్గించమనండి, తగ్గిస్తారు. రాత్రి ఎనిమిదిన్నర దాటితే దొరికేది నూడుల్సు, ఫ్రైడ్ రైసే. సాయంత్రం దోమలు విపరీతం. చీకటి పడకముందే తలుపులు, కిటికీలు వేసుకోవాలి. జాలీలు లేని ఇల్లు చూడనే వద్దు.

అసలు ఆలోచించాల్సింది వైద్యం. ఒక రాత్రి నాన్నకి తల తిరిగినట్టయింది. ఎదురింటి పెద్దాయన పిలవకుండానే వచ్చేశారు, ఆయన మేనల్లుడు బండి మీద వెళ్లి డాక్టరుని లేపి మాట్లాడాడు. పది నిమిషాల్లో బీపీ చూశారు, మందిచ్చారు, కంగారు లేదన్నారు. ఆ రాత్రి మనుషులు నిలబడ్డట్టు విజయవాడలో మాకెవరూ నిలబడరు. కానీ అదే గుండె నొప్పి అయ్యుంటే గుంటూరు వెళ్లాలి, రాత్రిపూటయినా గంట దగ్గర పడుతుంది. మనుషులు ఎంత మంచివాళ్లయినా ఆ గంటని తగ్గించలేరు. ఉండడానికి వెళ్దామనుకునే పెద్దవాళ్లు దీన్ని ముందు లెక్కేసుకోవాలి.

అమ్మ ఇప్పటికే వెళ్దామనే నిర్ణయానికి వచ్చేసింది. నాన్న ఇంకా ఊగుతున్నారు. నా మాటయితే, ముందు ఏడాదికి అద్దెకి దిగమంటున్నాను. స్టేషను వైపు, కింది పోర్షన్, మెయిన్ రోడ్డుకి అంబులెన్సు తిరిగేంత వెడల్పు సందు, మంచినీళ్ల కుళాయి, అన్ని కిటికీలకీ జాలీలు. ఈ అయిదూ ఉన్న ఇల్లు దొరికితే కబురు చేస్తానంది టిఫిన్ బండి ఆవిడ. ఇంటిపేరు అడగని ఓనరు అయితేనే చెప్పమన్నాను.