కొన్నేళ్లు వాడాక నా సైడ్‌మౌంట్ సెట్: చెన్నై నుంచి అండమాన్‌కి మోసుకెళ్లేవాళ్ల కోసం

చెన్నైలో ఉంటూ టెక్నికల్ డైవింగ్ (మామూలు టూరిస్టు డైవ్‌ల కంటే లోతుగా, పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగుతూ చేసేది) మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది ఏ రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని పీల్చుకునే ఒత్తిడికి తగ్గించేది) కొనాలి, ఏ వింగ్ (తేలడానికి గాలి నింపుకునే సంచి) కొనాలి అని. కొన్నేళ్లుగా ఒకే సైడ్‌మౌంట్ సెట్‌ని (వీపు మీద కాకుండా ఒంటికి రెండు పక్కలా ఒక్కో ట్యాంకు తగిలించుకునేది) పాండిచ్చేరికీ అండమాన్‌కీ తిప్పుతున్నా కాబట్టి చెప్తున్నా, సామాను నీళ్లలో ఎంత బాగుందన్నది తర్వాతి సంగతి. దిగిన ఊళ్లో దొరికే ట్యాంకుకి అది సరిపోతుందా, ఆ ట్యాంకులో మనం అడిగిన గ్యాస్ నింపగలరా అన్నది ముందు చూసుకోవాలి. ఈ రివ్యూలో మార్కులన్నీ ఆ లెక్కన వేసినవే.

అసలు సైడ్‌మౌంట్ ఎందుకంటే బరువు. విమానంలో ఎకానమీ టికెట్‌కి మామూలుగా చెక్-ఇన్ 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. డైవింగ్‌లో మామూలుగా వాడే అల్యూమినియం 80 రకం ట్యాంకు ఖాళీది ఒక్కటే 14 కిలోల పైన ఉంటుంది, కాబట్టి ట్యాంకులు ఇక్కణ్నుంచి పట్టుకెళ్లే ఆలోచనే వద్దు. ట్విన్ సెట్ (వీపు మీద జంట ట్యాంకులు) కావాలంటే రెండు ట్యాంకుల్ని కలిపే మానిఫోల్డ్, బ్యాండ్లు అన్నీ అక్కడే ఉండాలి, చిన్న దీవుల్లో వాటి మీద నమ్మకం పెట్టుకోలేం. అదే సైడ్‌మౌంట్ అయితే మామూలు టూరిస్టులకిచ్చే సింగిల్ ట్యాంకులు రెండు దొరికితే పని అయిపోతుంది. హార్నెస్, వింగ్ కలిపి మూడు కిలోలు, ఫిన్స్, వెట్‌సూట్, తాళ్లు, క్లిప్పులు చెక్-ఇన్‌లోకి. రెగ్యులేటర్లు, కంప్యూటర్, టార్చి బ్యాటరీలు చేతి సంచిలోకి. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో అస్సలు పెట్టకూడదు, ఒక్కోటి 100 వాట్-అవర్ల లోపుంటే ఇబ్బంది ఉండదు, కొసలకి టేపు వేస్తే సరి. రెగ్యులేటర్ల గొట్టాలు స్కానర్‌లో చూసి సెక్యూరిటీ వాళ్లు ప్రతిసారీ సంచి విప్పిస్తారు, ఆ పది నిమిషాలు ముందే లెక్కేసుకోండి.

ఇక వాల్వులు. నా రెగ్యులేటర్లు రెండూ డిన్ రకం (వాల్వు లోపలికి మరలా తిప్పి బిగించేవి), దానికి ఇప్పటికీ పూర్తి మార్కులు. కానీ మన దగ్గర అద్దెకిచ్చే ట్యాంకులు ఎక్కువగా యోక్‌కి (వాల్వు చుట్టూ పట్టీలా పట్టి బిగించే రకం) సెట్ చేసి ఉంటాయి. కొన్ని వాల్వుల్లో మధ్యలో ఒక ఇన్సర్ట్ ఉంటుంది, 8 మిల్లీమీటర్ల అలెన్ కీతో దాన్ని తీసేస్తే డిన్ నేరుగా బిగుస్తుంది. ఉప్పు పట్టి బిగుసుకుపోతే మాత్రం ఎంత తిప్పినా రాదు, బలం పెట్టి దాని అంచు పాడుచేయొద్దు. అందుకే రెండు యోక్ అడాప్టర్లు కూడా మోసుకెళ్తా. వాటితో వచ్చే చిక్కేంటంటే ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో ట్యాంకుకి బిగించే భాగం) ముందుకు పొడుచుకొచ్చి చంక కింద గుచ్చుకుంటుంది, హోస్‌లు వంకర తిరుగుతాయి. అదీకాక అద్దె వాల్వులన్నీ ఒకే చేతివాటంవి, ఎడమ-కుడి జత అంటూ ఉండదు. ఒకవైపు నాబ్ ఒంటికేసి తిరిగి ఉంటుంది. దిగేముందు పడవ మీద కళ్లు మూసుకుని రెండు నాబ్‌లూ ఒకసారి మూసి తెరిచి చూడండి, చెయ్యి అలవాటు పడాలి.

ట్యాంకుకి కట్టే క్యామ్ బ్యాండ్లు, బోల్ట్ స్నాప్‌లు సొంతవే తీసుకెళ్లండి. హోస్‌లు ట్యాంకుకి అదిమిపెట్టే రబ్బరు కోసం డైవ్ కంపెనీలు అడిగే డబ్బు చూస్తే నవ్వొస్తుంది. పంక్చర్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి అంగుళం వెడల్పున కోసుకోండి, నావి అవే.

నా డైవ్ బడ్డీ నెల్లూరాయన. టికెట్లు బుక్ చేసిన రోజు నుంచీ ఆయనది ఒకటే ఫోను, "అన్నా, బండల లెక్క పంపించావా?" అని. ఆయన గోల సబబే. ఇద్దరం, రోజుకి రెండు డైవ్‌లు అంటే మెయిన్ ట్యాంకులే ఎనిమిది, డీకోకి (పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగే చోట పీల్చడానికి) ఇంకో రెండు, ఎందుకంటే రెండు డైవ్‌ల మధ్య పడవ మీద నింపే వీలుండదు. షాపు వాళ్లకి ఇది ముందే రాసి పంపకపోతే ఆ రోజు టూరిస్టుల డైవ్‌లకి పోగా మిగిలిన ట్యాంకులే మనకి.

ఎనిమిది ట్యాంకులున్నాయన్నంత మాత్రాన సరిపోదు, వాటిలో ఎంతుందో చూడాలి. ఒక్కో అల్యూమినియం 80 లోపలి పరిమాణం 11.1 లీటర్లు. 200 బార్ల ఒత్తిడి ఉంటే రెండింట్లో కలిపి దాదాపు 4440 లీటర్లు, అందులో వెళ్లడానికి వాడుకునే మూడో వంతు (తిరిగి రావడానికి ఒకటి, అత్యవసరానికి ఒకటి పోగా) 1480. నా వాడకం నీళ్ల పైన నిమిషానికి 18 లీటర్లనుకుంటే 40 మీటర్ల లోతులో ఒత్తిడి ఐదు రెట్లు కాబట్టి అది 90, అంటే ఆ మూడో వంతు 16 నిమిషాలు వస్తుంది. అదే 180 బార్లుంటే 15 నిమిషాలు కూడా రాదు. ఇరవై బార్లే కదా అని వదిలేయలేం. ఈ తగ్గుదల ఎక్కువగా వేడి వల్లే. గబగబా నింపితే ట్యాంకు 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అప్పుడు గేజ్ 200 చూపించినా చల్లబడి 28 డిగ్రీలకొచ్చేసరికి 186 దగ్గర ఆగుతుంది. అందుకే సాయంత్రమే నింపించి, రాత్రి చల్లారాక పొద్దున టాప్-అప్ చేయమని అడుగుతాం. కొందరు విసుక్కుంటారు, అయినా అడగండి.

అసలు తలనొప్పి డీకో గ్యాస్‌తో. 50 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన గాలి) ఖాళీ ట్యాంకులో కలపాలంటే ముందు 73 బార్ల దాకా ఆక్సిజన్, ఆపైన 200 దాకా గాలి నింపాలి. మన దగ్గర దొరికే పెద్ద ఆక్సిజన్ సిలిండర్ 150 బార్లతో వస్తుంది, దాదాపు 47 లీటర్లది. ఒక్కో అల్యూమినియం 80కి దాన్లోంచి 17 బార్ల పైన తరుగుతుంది, అంటే నాలుగు ట్యాంకులు నింపేసరికి దాని ఒత్తిడి మనకి కావలసిన 73కి దగ్గర పడుతుంది. ఐదోది బూస్టర్ పంపు (ఒత్తిడి పెంచి నింపేది) లేకుండా అవ్వదు, సిలిండర్లో సగం ఆక్సిజన్ మిగిలి ఉన్నా సరే. కాబట్టి షాపు వాళ్లని "నైట్రాక్స్ ఉందా" అని అడిగి ఊరుకోవద్దు. బూస్టర్ ఉందా, ఎన్ని ఆక్సిజన్ సిలిండర్లున్నాయి, డీకో ట్యాంకు, వాల్వు ఆక్సిజన్‌కి పనికొచ్చేలా శుభ్రం చేసినవేనా, ఈ మూడూ అడగండి. 40 శాతం దాటిన మిశ్రమానికి ఆ శుభ్రత తప్పనిసరి. హీలియం సంగతి నేను ఎత్తను. అది దిగుమతి సరుకు, ధర వింటే 40 మీటర్ల లోతు దాటకపోవడమే హాయి అనిపిస్తుంది.

సెట్ మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది ఆక్సిజన్ ఎనలైజర్ (ట్యాంకులో ఆక్సిజన్ ఎంత శాతమో చూపించేది). ఒకచోట 32 శాతం అని చీటీ అంటించి ఇచ్చిన ట్యాంకు నా ఎనలైజర్‌లో 36 చూపించింది. 32కి ఆక్సిజన్ పాక్షిక ఒత్తిడి 1.4 బార్లు దాటకూడదన్న లెక్కన 33 మీటర్ల దాకా వెళ్లొచ్చు, 36 అయితే 28 దాటకూడదు. మా ప్లాన్ 32 మీటర్లు. ఆ ట్యాంకు పక్కన పెట్టి వేరేది తెమ్మన్నాం, అంతే. చీటీ ఎవరు అంటించినా నా ట్యాంకు నేనే చూసుకుని, శాతం, లోతు పరిమితి, తేదీ టేపు మీద పెద్ద అక్షరాలతో రాస్తా.

దీంట్లో ఒక కిటుకుంది. పుస్తకంలో చెప్పినట్టు బయట గాలిలో 20.9కి సెట్ చేస్తే చెన్నై ఉక్కపోతలో తేడా వస్తుంది. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు గాలిలో మూడు శాతం పైన నీటి ఆవిరే, నిజంగా ఉండే ఆక్సిజన్ 20.2 దగ్గర. ట్యాంకులోని గ్యాస్ పొడిగా ఉంటుంది కాబట్టి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, 32 కాస్తా 33 అవుతుంది. మామూలు గాలి నింపిన ట్యాంకు ఒకటి కొద్దిగా తెరిచి, ఆ పొడి గాలితో సెట్ చేసుకోండి. సెన్సార్ వాడినా వాడకపోయినా రెండు మూడేళ్లలో చచ్చిపోతుంది, ఆ ఖర్చు ముందే మనసులో పెట్టుకోండి.

హార్నెస్‌కి మార్కులు కొంచెం తక్కువే. కుట్లు గట్టివి, నడుము దగ్గర జరుపుకునే డి-రింగులు చాలా బాగా పనికొచ్చాయి, ఎందుకంటే అల్యూమినియం ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ తేలికై తోక పైకి లేస్తుంది, క్లిప్ ముందుకు మార్చుకుంటేనే ఒంటికి ఆనుకుని ఉంటుంది. బంజీ తాడు మాత్రం మన ఎండకి ఏడాది తిరక్కుండానే సాగిపోతోంది. ఇప్పుడు చెన్నై ప్యారీస్ కార్నర్‌లో మీటర్ల లెక్కన కొనుక్కుని నేనే కట్టుకుంటున్నా. ఇంకోటి, మా వేళచ్చేరి బోరు నీళ్లు సముద్రం కంటే నయం, అంతకంటే చెప్పడానికేం లేదు, వాటితో కడిగితే ఫస్ట్ స్టేజ్ మీద తెల్లగా పేరుకుంటోంది. రెగ్యులేటర్ల వరకు క్యాన్ వాటర్ వాడుతున్నా, ఇంట్లో తిట్లు మామూలే.

కంప్యూటర్ షియర్‌వాటర్ పెర్డిక్స్. మామూలు ఏఏ బ్యాటరీతో నడుస్తుంది, ఛార్జర్ గొడవ లేదు, స్వరాజ్ ద్వీప్‌లో (పాత హావ్‌లాక్) కిరాణా కొట్లో కూడా బ్యాటరీ దొరుకుతుంది. తిరుగు ప్రయాణం టికెట్ కొనేటప్పుడు ఆఖరి డైవ్ తర్వాత కనీసం 24 గంటలు వదలండి. డీకో డైవ్‌లకి డైవర్ల భద్రత చూసే డాన్ సంస్థ చెప్పేదే 18 గంటల కంటే బాగా ఎక్కువ అని. ఫెర్రీ, శ్రీ విజయపురంలో (పాత పోర్ట్ బ్లెయిర్) ఒక రాత్రి కలుపుకుంటే అది ఎలాగూ గడిచిపోతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే సెట్ కొంటా, హార్నెస్ మాత్రం ఇంకోటి చూస్తా. సొంత ట్యాంకులు, కారు ఉండి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పాండిచ్చేరి వెళ్లొచ్చేవాళ్లయితే హాయిగా ట్విన్ సెట్టే తీసుకోండి, పైన రాసిన వాటిలో సగం మీకు అక్కర్లేదు, ఎనలైజర్ ఒక్కటి కొనండి చాలు.