ఎస్‌బీఐఆర్, ఎస్‌టీటీఆర్: సాగు పరిశోధనకు ఏది తగినది?

అమెరికాలో తెగులును ముందే పసిగట్టే సెన్సార్‌నో, నీటిని పొదుపు చేసే కొత్త పద్ధతినో రూపొందించదలచిన చిన్న కంపెనీకి ప్రభుత్వ నిధులు అందే దారులు ప్రధానంగా రెండు: 1982 చట్టంతో మొదలైన ఎస్‌బీఐఆర్ (చిన్న వ్యాపారాల నవకల్పన పరిశోధన పథకం), 1992లో వచ్చిన ఎస్‌టీటీఆర్ (చిన్న వ్యాపారాల సాంకేతిక బదిలీ పథకం). రెండింటిలోనూ ఉద్యోగుల సంఖ్య 500 మించకూడదు. ప్రభుత్వం కంపెనీలో వాటా అడగదు.

అసలు తేడా పని పంపకంలో ఉంది. ఎస్‌బీఐఆర్ తొలి దశలో సాధారణంగా మూడింట రెండు వంతుల పరిశోధనను కంపెనీయే చేయాలి, ప్రధాన పరిశోధకుడి ముఖ్య ఉద్యోగమూ అక్కడే ఉండాలి. ఎస్‌టీటీఆర్‌లోనైతే విశ్వవిద్యాలయం వంటి లాభాపేక్ష లేని భాగస్వామి తప్పనిసరి. కంపెనీ కనీసం 40 శాతం, భాగస్వామి కనీసం 30 శాతం పని చేయాలి. అందువల్ల కొలువు వదులుకోలేని ఆచార్యుడికి, ప్రయోగ క్షేత్రాలు లేని కంపెనీకి ఈ రెండోదే మేలని నా అభిప్రాయం. అయితే మేధోహక్కుల పంపకంపై భాగస్వామితో రాతపూర్వక ఒప్పందం కుదుర్చుకోవాలి. విశ్వవిద్యాలయ న్యాయవిభాగాలతో ఆ చర్చలకు పట్టే సమయాన్ని తేలికగా తీసుకోకూడదు.

నిధుల రాశి మాత్రం ఎస్‌బీఐఆర్‌దే పెద్దది: పెద్ద ప్రభుత్వ సంస్థలు బయటివారి పరిశోధనకు వెచ్చించే బడ్జెట్‌లో చట్టం దానికి కనీసం 3.2 శాతం, ఎస్‌టీటీఆర్‌కు కనీసం 0.45 శాతం చొప్పున కేటాయించింది.