గ్యాప్ తర్వాత లాయరుకి ఏది మేలు: కంపెనీ ఉద్యోగమా, డాక్యుమెంట్ల పనా?

పిల్లల కోసమో, ఊరు మారడం వల్లో ప్రాక్టీసు ఆపేసిన జూనియర్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "అక్కా, వాయిదాల కోసం కోర్టులో నిలబడే ఓపిక ఇక లేదు, ఏం చేయమంటారు?" హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పేవి ముఖ్యంగా రెండు. కంపెనీల్లో కాంట్రాక్టులు, కంప్లయన్స్ (కంపెనీ చట్టాలన్నీ పాటిస్తోందా లేదా అని) చూసే ఉద్యోగం ఒకటి. స్థలాలు, ఫ్లాట్ల డాక్యుమెంట్లు చూసి హక్కు సరిగ్గా ఉందో లేదో లీగల్ ఒపీనియన్ రాసే పని రెండోది.

నెలనెలా జీతం కావాలంటే మొదటిదే, అందులో మాటే లేదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిందే 2023లో, అక్కడ అందరూ కొత్తవాళ్లే, గ్యాప్ అడ్డు రాదు. కాకపోతే పూర్తికాల జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ రూల్ 49 ఒప్పుకోదు. సన్నదు (ప్రాక్టీసు లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలి.

నేను మాత్రం ముందు చూసేది ఒకటే: మీరు నేర్చుకున్న చట్టంలో ఇంకా ఎంత చెల్లుతోంది? క్రిమినల్ వైపు 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది: హత్యకు 302 కాస్తా 103 అయింది, మోసానికి 420 పోయి 318 వచ్చింది. ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ 1882 నాటిదే. డాక్యుమెంట్ల పనిలో పాత చట్టం తెలియడమే అసలు బలం. ఒక ఫైల్లో 1992 నాటి పార్టిషన్ డీడ్ (ఆస్తి పంపకాల పత్రం) ఉంది. అన్నదమ్ములంతా సంతకాలు పెట్టారు, చెల్లెలిది లేదు. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) చూస్తే అంతా శుభ్రంగానే ఉంది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చేసింది. ఆమె పెళ్లి ఎప్పుడైందో తేలాలి. శుభలేఖ తెప్పించుకున్నాకే ఒపీనియన్ రాశాను. (పాత శుభలేఖలు పారేయకండి!)

ఇందులోనూ తిప్పలున్నాయి. బ్యాంకులు ప్యానెల్లోకి (తమ లాయర్ల జాబితాలోకి) తీసుకునేటప్పుడు ప్రాక్టీసు ఎన్నేళ్లని అడుగుతాయి, అక్కడ గ్యాప్ అడ్డొస్తుంది. కొన్నాళ్లు ప్యానెల్ అడ్వకేట్ దగ్గర ఫైలుకింతని పనిచేయాలి. తెలంగాణలో భూ రికార్డులకు ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది, అదీ నేర్చుకోవాలి. అయినా ఇంటి ఈఎంఐ మీ ఒక్కరి మీదే లేకపోతే నా ఓటు దీనికే.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది, అది లేనివాళ్లు ఆ ఆశ వదిలేయొచ్చు. టీచింగ్ అంటారా, ఎల్ఎల్ఎం, యూజీసీ నెట్ పరీక్ష పాసై ఉంటే చూడండి.

సన్నదు ఇప్పటికే సస్పెన్షన్‌లో ఉంటే దాన్ని తిరిగి ఇవ్వమని ముందు బార్ కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టండి. అది వచ్చేలోపు మీ ఇంటి డాక్యుమెంట్లే ముందేసుకుని, లింకు డాక్యుమెంట్లన్నీ (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చెప్పే పాత పత్రాలు) వరుసగా రాసి చూడండి.